బురుల్‌కాన్ ఇచ్చిన దీవెన

ఐతాలా ఊళ్ళో బురుల్‌కాన్‌కి నోరెక్కువ అని పేరు. నిజమే మరి, కాదనడానికి నేనెవరిని? కోడలన్నది అత్తమామల ముందు గొంతెత్తకూడదని మా దగ్గర పద్ధతి. ఈవిడ కాపురానికి వచ్చిన మొదటి చలికాలంలోనే, మామగారు పొయ్యిలో తడి పేడపిడకలు కుక్కి ఇల్లంతా పొగచేస్తుంటే, "మమ్మల్ని మాంసంలా పొగలో ఎండబెట్టి దాచుకుంటారా ఏంటి మామయ్యా, తలుపు తియ్యండి!" అని అరిచేసిందట. అత్త నోరు వెళ్ళబెట్టింది. మామ మాత్రం గడ్డంలో నవ్వుకుంటూ లేచి తలుపు తీశాడు.

ఆవిడ మొగుడు జుమాదిల్ గుర్రాల కాపరి. పాపం మంచివాడు, పలుకే బంగారం. ఎవరైనా ఇంటికొచ్చి ఆయన్ని ఏదైనా అడిగితే, ఆయన గొంతు సవరించుకునేలోగా ఈవిడ జవాబు చెప్పేసేది. "నా మాటలు కూడా అదే వాడేసుకుంది, నాకింక మిగల్లేదు," అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ వాటా కూడా కలిపి ఈవిడే ఇప్పటికీ మాట్లాడుతోందని ఊళ్ళో వేళాకోళం.

ఊరి పైన, కొండ మలుపు తిరిగాక, రాతిమనుషుల మైదానం ఉంది. పొట్ట దగ్గర గిన్నె పట్టుకుని, తూర్పుకి మొహం పెట్టి నిలబడ్డ రాళ్ళు. ఎవరు చెక్కారో ఎవరికీ తెలీదు. రాజధాని నుంచి ప్రొఫెసర్లు వచ్చారు, కొలిచారు, మేం పులియబెట్టిన గుర్రపుపాల కుమిస్ కడుపునిండా తాగారు, వెళ్ళారు. మాకు మాత్రం వాళ్ళు మావాళ్ళే. ఒకాయన మీసాల తాత, ఒకావిడ మూతిముడుపు పెద్దమ్మ, ఇంకొకడు నిద్రమొహంగాడు. మా ఊళ్ళో ఎవడైనా పొద్దెక్కేదాకా పడుకుంటే ఆ పేరు పెట్టే తిడతారు. వేసవి మేతకి మందలు పైకి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు అక్కడ ఆగి, ఆ రాతి మూతులకి ఇంత వెన్న రాస్తారు. కొత్తగా వచ్చిన ముల్లా ఒకసారి, "రాయికి వెన్నేంటమ్మా, పాపం కదూ?" అన్నాడు.

"మీరు మా ఇంటికొస్తే పెడుతున్నాం కదా, అప్పుడు లేదే పాపం!" అంది బురుల్‌కాన్. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

సామూహిక వ్యవసాయ క్షేత్రం రోజుల్లో ఆవిడ పాలు పితికేది. జిల్లాలో అందరికంటే ఎక్కువ పాలు తీస్తుందని గౌరవ ఫలకం మీద ఫోటో కూడా పెట్టారు. ఆ ఏడే క్షేత్రం అధ్యక్షుడు కొత్త ఆవుల కొట్టం కడుతూ, గడపకి మంచి రాయి కావాలని మూతిముడుపు పెద్దమ్మని పెళ్ళగించుకొచ్చాడు. బోర్లా పడేసి, మట్టి కప్పి, దాని మీదుగా ఆవుల్ని తోలారు. తెల్లవారి పాలబిందెతో వచ్చిన బురుల్‌కాన్ అది చూసి అక్కడే కూర్చుండిపోయింది. "నేను దీన్ని తొక్కి లోపలికి రాను," అంది. మిగతా ఆడవాళ్ళూ ఆగిపోయారు. లోపల ఆవులు పొదుగులు నొప్పులెత్తి అరుస్తున్నాయి. అధ్యక్షుడు బెదిరించాడు, బతిమాలాడు, మళ్ళీ బెదిరించాడు. ఆఖరికి గుర్రాలు కట్టించి రాయిని వెనక్కి పంపించాడు. మర్నాటికల్లా గౌరవ ఫలకం మీద ఆవిడ ఫోటో లేదు.

"పోనీలే, అందులో నా మొహం ఎలాగూ ఉబ్బిపోయినట్టుంది," అని ఊరంతా చెప్పుకుని నవ్వింది.

అంత గట్టి మనిషి. అలాంటిదాన్ని ఏడిపించినవాడు మా అకీం. జిల్లా పెద్ద అన్నమాట, పేరు మెదెర్ సుల్తానోవిచ్. ఎన్నికలప్పుడు మీసాల తాత భుజం మీద చెయ్యేసి, తెల్లటి ఫెల్టు టోపీ పెట్టుకుని ఫోటో దిగాడు. కింద పెద్ద అక్షరాలతో "మన వారసత్వం, మన గర్వం" అని రాయించాడు. ఆ కాయితం బురుల్‌కాన్ తన వంటగదిలో అంటించుకుంది కూడానూ. "కుర్రాడికి పెద్దల మీద భక్తి ఉంది," అని ఓటేసింది. అందరిచేతా వేయించింది.

రెండో వసంతానికి తెలిసింది సంగతి. రాజధాని నుంచి పెద్దవాళ్ళు ఉత్సవానికి వస్తున్నారట. మైదానం చదును చేసి హెలికాప్టర్ దిగడానికి చోటు, అతిథుల ఇళ్ళు, రంగు దీపాల ఫౌంటెన్ కడతారట. పాత రాళ్ళని "భద్రపరుస్తారట." ఎక్కడో ఆవిడకి తెలుసు. పక్క ఊరి నుంచి అలాగే "భద్రపరిచిన" రాతిమనిషిని జిల్లా ఆఫీసు వెనక గ్యారేజీలో చూసింది, పాత టైర్ల కింద బోర్లా పడి ఉంది. దాని వీపు మీద ఎవడో మోటారు నూనె డబ్బా పెట్టుకున్నాడు. వీటి స్థానంలో సిమెంటువి వస్తాయి, మనిషికి రెండింతల ఎత్తు, బంగారు రంగు, చేతిలో గిన్నెకి బదులు బల్బు.

బురుల్‌కాన్ మంచి తలగుడ్డ కట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. చాలాసేపు కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. అకీం లేచి రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మర్యాదకేం లోటు లేదు, మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్ళని పిలిచే పిలుపే పిలిచాడు.

"రండి అపా, కూర్చోండి. టీ తెప్పించనా?"

"టీ మా ఇంట్లో ఉంది నాయనా. ఆ రాళ్ళ జోలికి పోకండి, అది చెప్పిపోదామని వచ్చాను."

"అయ్యో, మీకెవరో తప్పుగా చెప్పారు. మనం వాటిని గౌరవిస్తున్నాం. చూడండి," అంటూ గోడ మీద బొమ్మ చూపించాడు. "ఎంత అందంగా వస్తుందో! పాతవన్నీ అరిగిపోయాయి. సగం వాటికి ముక్కుల్లేవు. బయటివాళ్ళు వచ్చి చూస్తే మన పరువేం కాను?"

"నాకూ పళ్ళు లేవు. నన్నూ గ్యారేజీలో పడేస్తారా?"

పక్కనున్న ఉపాధికారి కిసుక్కుమన్నాడు. అకీం అటు చూడగానే మూతి సర్దుకున్నాడు.

"అపా, మీరు ఉద్వేగపడుతున్నారు..."

"పడనా మరి! మీరు ఆ తాత భుజం మీద చెయ్యేసి మా దగ్గర ఓట్లడిగారే. పని అయిపోగానే మెడకి తాడేస్తారా? మీ సొంత తాతకైతే ఇలాగే చేస్తారా?"

ఆమె చెబుతూనే ఉంది. ఆ రాళ్ళ మీదనుంచే ఎండ చూసి మేం మందల్ని పైకి తోలే రోజు పట్టుకుంటామని, ఆ మైదానం కింద ఎవరెవరో పడుకుని ఉన్నారని, యంత్రం పెడితే ఎముకలు బయటపడతాయని. అతను తలూపుతున్నాడు. ఊపుతూనే ఫోను చూసుకుంటున్నాడు. ఒకచోట ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అతను దాన్ని ఆఖరనుకున్నాడు కాబోలు, "తప్పకుండా అపా, చాలా మంచి మాట చెప్పారు, రాసుకుంటాం," అని లేచి నిలబడ్డాడు.

బస్సులో ఇంటికొస్తూ ఏడ్చింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆనాటి అధ్యక్షుడు కనీసం మొహం మీద మొహం పెట్టి అరిచాడు, ఆవిడ మాట అతని చెవిన పడింది. వీడు తేనె పూసి తలుపు వేశాడు. ఇంటికి రాగానే వంటగదిలో కాయితం చింపి పొయ్యిలో పడేసింది.

ఊళ్ళోవాళ్ళ దగ్గరికి పోయింది. ఒకడు ఉద్యోగాలొస్తాయన్నాడు, ఒకడు అకీంతో ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. అక్సకల్ కొచ్కోర్, ఊరికి పెద్దగడ్డం, అంటే పెద్దమనిషి, ఆయనే, కాస్త చెవుడు కూడా, నీళ్ళు నమిలాడు. "శంకుస్థాపనకి నన్ను దీవెన ఇవ్వమన్నారు బురుల్‌కాన్. కొత్త చపాన్ కూడా పంపించారు," అన్నాడు తలొంచుకుని. వెల్వెట్ కోటు, బంగారు దారపు కుట్టు. అది గోడకి వేలాడుతోంది.

"బాగుంది. దాంట్లోనే నిన్ను పూడ్చమని చెప్పు," అని లేచి వచ్చేసింది.

శంకుస్థాపన ముందురోజు సాయంత్రం కోడలు జిపారాకి ఉపాధికారి నుంచి ఫోనొచ్చింది. జిపారా ఊరి బాలవాడిలో వంట చేస్తుంది, సర్కారీ కొలువు. ముసలావిడ్ని రేపు ఇంట్లో కూర్చోబెట్టుకుంటే అందరికీ మంచిదని ఆయన మెత్తగా చెప్పాడు. జిపారా ఫోను పెట్టేసి, పిండి చేతులతోనే వచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"ఏమన్నాడు?" అంది బురుల్‌కాన్.

"నువ్వు కదిలితే నా ఉద్యోగం ఊడుతుందన్నాడు."

బురుల్‌కాన్ కోడలి పిండి చేతులవైపు చూసింది. 

"అలా చూస్తావేంటి? ఆ చలికోటు తీసి దులుపు," అంది జిపారా. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటా. రేపు నువ్వు వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయావంటే మాత్రం, జన్మంతా నీ సణుగుడు వినడం నా వల్ల కాదు."

మర్నాడు మైదానంలో జాతరే. అతిథులకి తెల్లటి ఫెల్టు గుడారం వేశారు. అకార్డియన్ వాయిస్తున్నారు. పళ్ళేల్లో నూనెలో వేగిన పిండిముద్దలు, వేడి బోర్సోక్‌లు తిరుగుతున్నాయి. మధ్యలో నేల చదునుచేసే పసుపు యంత్రం, దాని ముక్కుకి రిబ్బను. యంత్రం నుంచి ఒక ఉక్కుతాడు వెళ్ళి మీసాల తాత మెడకి చుట్టుకుని ఉంది. అది చూడగానే బురుల్‌కాన్ ఆగలేదు. జనాన్ని తోసుకుంటూ పోయి ముందు వరసలో నిలబడింది. ఏం చెయ్యాలో రాత్రే అనుకుంది: ఉపన్యాసం అవగానే ముందుకెళ్ళి, నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టి, యంత్రానికి అడ్డంగా పడుకోవాలి. ఈడ్చేస్తే ఈడ్చనీ.

అకీం మాట్లాడాడు. పూర్వీకులు, వారసత్వం, జాతి గౌరవం. ఒక్కో మాటకీ ఆవిడ పళ్ళు కొరికింది. ఫోను పట్టుకుని ఒక అమ్మాయి అంతా చూపిస్తోంది, దేశంలో ఎక్కడున్నవాడైనా అప్పటికప్పుడు చూసుకోవచ్చట.

"ఇక మన కొచ్కోర్ అక్సకల్ బాతా ఇస్తారు. దీవెన అందుకుని పని మొదలుపెడదాం!"

బాతా లేకుండా మా దగ్గర ఏ పనీ మొదలవ్వదు. పెళ్ళి గానీ, ప్రయాణం గానీ, ఇంటికి పునాది గానీ. అక్కడున్నవాళ్ళలో పెద్దవాళ్ళు అరచేతులు తెరిచి పలుకుతారు, తక్కినవాళ్ళూ చేతులు చాపి నిలబడతారు. ఆఖర్న అందరూ "ఓమీన్" అని ఆ చేతులతో మొహం తుడుచుకుంటారు. తుడుచుకున్నాక ఆ మాట పెద్దాయన ఒక్కడిదే కాదు, అన్నవాళ్ళందరిదీ. నీటి కాలవ కోసం కొట్టుకుచచ్చిన అన్నదమ్ములు ఓమీన్ అన్నాక మళ్ళీ గొడ్డలి పట్టుకున్నది లేదు. ఓమీన్ అని తప్పినవాడికి మా ఊళ్ళో పిల్లనివ్వరు, చావుకి కూడా వెళ్ళరు.

కొచ్కోర్ కొత్త చపాన్‌లో ముందుకొచ్చాడు. చేతులు సగం ఎత్తాడు. ఎదురుగా బురుల్‌కాన్ కనిపించింది. ఆవిడ కళ్ళు తీసుకోలేదు. ఆయన చేతులు మెల్లిగా కిందికి దిగిపోయాయి.

"బురుల్‌కాన్ నాకంటే పెద్దది," అన్నాడు గొంతు సవరించుకుని. "పెద్దది ఎదురుగా ఉండగా నేను బాతా ఇస్తే తప్పు. నువ్వియ్యి, అపా."

ఆయన పద్ధతి పాటించాడా, పాపం తన మీద పడకుండా తప్పించుకున్నాడా, ఇప్పటికీ చెప్పడు. అకీం నవ్వు ఒక్క క్షణం బిగుసుకుంది. కానీ పదిమందిలో, పైగా ఫోను ముందు, పెద్దావిడని వద్దంటాడా? "పెద్దావిడైతే ఇంకా బాగుంటుంది సార్," అని ఆ ఫోను అమ్మాయి గుసగుసలాడింది. ముసలమ్మల బాతా అంటే ఏముంటుంది, పాడి, పంట, పిల్లాపాప. అకీం చెయ్యి చాపి ఆహ్వానించాడు.

బురుల్‌కాన్ ముందుకి నడిచింది. నాలుక చివర్న అన్నీ తిట్లే ఉన్నాయి. కానీ తెరిచిన అరచేతుల్లో తిట్టు పోయలేదు ఆవిడ, అలా పెరగలేదు. రెండు చేతులూ చాపింది. మైదానమంతా చేతులు చాపింది. యంత్రం నడిపే ఎమిల్‌బెక్ కూడా, అవతలి ఊరివాడు, గబగబా కిందికి దిగి నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుని చాపాడు.

"మందలు పెరగాలి," అంది బురుల్‌కాన్. మొదట గొంతు పీలగా వచ్చింది. "దూడలకి పాలు, పిల్లలకి బువ్వ తక్కువ కాకూడదు. దారికి వెళ్ళినవాడు ఇంటికి రావాలి. పొయ్యిలో నిప్పు ఆరకూడదు."

జనం తలలూపారు. అకీం కాసేపు కళ్ళు మూసుకుని ఫోనువైపు మొహం పెట్టాడు. తర్వాత పక్కకి వంగి, అతిథులకి గుర్రం మాంసం సిద్ధమయిందో లేదో ఉపాధికారిని అడగడం మొదలుపెట్టాడు.

ఆవిడ అది చూసింది. చూసి గొంతు పెంచింది.

"మా ముందువాళ్ళు ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడి ఉండాలి. ఈ రాళ్ళు ఈ మట్టిలోనే ఉండాలి, ఈ మట్టి ఈ కొండకే ఉండాలి. వీటిని కదపడానికి వచ్చిన యంత్రం తిరిగి వెళ్ళిపోవాలి, తెచ్చినవాడు క్షేమంగా ఇల్లు చేరాలి. ఇక్కడ చేతులు చాపిన ప్రతివాడూ ఈ మైదానానికి కాపలావాడు కావాలి. అందరికంటే ముందు మా అకీం మెదెర్ కావాలి. ఆయన బతికున్నంతకాలం వీటి మీద ఎవరి చెయ్యీ పడనివ్వకూడదు. ఓమీన్!"

 చాపిన చేతులన్నీ గాల్లోనే ఉన్నాయి. ముందుగా జిపారా మొహం తుడుచుకుంది. కొచ్కోర్ తుడుచుకున్నాడు. చెవిలో ఆ ఆఖరి మాట పడగానే, చిన్నప్పట్నుంచీ చేసే అలవాటే కదా, అకీం నిటారుగా నిలబడి, "ఓమీన్!" అని అందరికంటే గట్టిగా అని, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. దాంతో మైదానమంతా ఒక్కసారిగా ఓమీన్ అంది.

అకీం చప్పట్లు కొట్టి, "కానివ్వండి!" అని యంత్రం వైపు చెయ్యి ఊపాడు.

ఎమిల్‌బెక్ కదల్లేదు.

"ఏంటయ్యా, మొద్దులా నిలబడ్డావు? ఎక్కు!"

"ఎక్కి ఏం చెయ్యాలి అన్నగారూ? యంత్రం వెనక్కి పోవాలని ఓమీన్ అన్నాం కదా. నేనూ అన్నాను, మీరూ అన్నారు."

"నేనెప్పుడు అన్నాను?"

జనంలో గుప్పున నవ్వు లేచింది. "అందరికంటే గట్టిగా నువ్వే అన్నావు!" అని ఎవరో వెనకనించి కేకేశారు. ఉపాధికారి వంగి అకీం చెవిలో ఏదో చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆ మొహం రంగులు మారింది. కొచ్కోర్ వైపు తిరిగాడు.

"అక్సకల్, ఏదో పొరపాటు జరిగింది. మీరు మళ్ళీ బాతా ఇవ్వండి."

"ఓమీన్ అని మూసిన దీవెన మీద ఇంకోటా? నేను ముస్లిమునేనా లేక పిచ్చివాడినా?" అన్నాడు కొచ్కోర్. అని ఆ వెల్వెట్ చపాన్ విప్పి, మడతపెట్టి, ఉపాధికారి చేతుల్లో పెట్టాడు.

అకీం ఒక్క ఉదుటున వెళ్ళి యంత్రం మెట్టెక్కాడు. "తాళం ఇటివ్వు. నేనే నడుపుతా," అన్నాడు.

ఎమిల్‌బెక్ తాళం తీసి అరచేతిలో పెట్టుకుని చాపాడు. "తీసుకోండి. కానీ ఒక్క మాట. 'నేనన్న ఓమీన్ అబద్ధం' అని మీరే ఇక్కడ అందరి ముందూ ఒక్కసారి అనండి. అప్పుడు పాపం మీది, నాకు సంబంధం ఉండదు."

ఎంత తేలిక మాట! ఆ నోటితో అతను ఎన్ని అబద్ధాలు ఆడలేదు? ఫౌంటెన్ గురించి, భద్రపరచడం గురించి, ఆ తాత భుజం మీద చెయ్యేసినప్పుడు కూడా. ఇది ఒక్కటి అనలేకపోయాడు. పెదవులు కదిలాయి. ఫోను అమ్మాయి ఇంకా చూపిస్తూనే ఉంది. అతని ఊరివాళ్ళు, అతని అత్తవారు, అతని పిల్లలు చదివే బడిలో మాస్టర్లు, అందరూ చూస్తూ ఉంటారు. మెట్టు దిగి కిందికి వచ్చాడు.

బురుల్‌కాన్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. చెయ్యి జిపారా భుజం మీద ఉంది. అకీం తిన్నగా ఆవిడ దగ్గరికి వచ్చాడు. ఈసారి చెయ్యి పట్టుకోలేదు, నవ్వలేదు.

"నన్ను మోసం చేశారు అపా. ఇంత పెద్దవయసులో ఇదేం పని?"

"మోసమా!" అంది బురుల్‌కాన్. "చాటుగా గొణిగానా? పక్క ఊరికి వినపడేలా చెప్పాను. నీ పేరు పెట్టి మరీ చెప్పాను. కొచ్కోర్ విన్నాడు, అతనికి చెవుడు. ఆ యంత్రం మనిషి విన్నాడు, అతను ఈ ఊరివాడే కాదు. నువ్వొక్కడివే వినలేదు. మొదట్నుంచీ నేను మొత్తుకుంటోంది అదే కదా నాయనా."